పట్టుపోగు కార్డు, పసుపు కవరు

ఆన్‌లైన్ వ్యాపారం నేను నేర్చుకున్నది హిందూపురం పోస్టాఫీసు కౌంటరు దగ్గర నిలబడి. ఈ మాట చెబితే ఇప్పుడు ఈ పనిలోకి దిగే యువకులు మర్యాద కోసం నవ్వు ఆపుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు. ఫోను మీద వేలు కదిపితే చీర ఇంటికొచ్చే రోజులివి. ఒక వెబ్‌సైటు ఉందని జనానికి తెలియజేయడానికి కవర్లకు జిగురు పూసి, స్టాంపులంటించి, పిన్‌కోడ్ల వారీగా కట్టలు కట్టామంటే నమ్మడం కష్టమే.

కానీ మేము అదే చేశాం. బాగా చేశాం. ఇంటి చిరునామాకు నేరుగా జాబు పంపి సరుకు అమ్మే పద్ధతిని డైరెక్ట్ మెయిల్ అంటారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మేము మాత్రం దాన్ని ‘జాబులేయడం’ అనేవాళ్లం. ధర్మవరం పట్టుచీరను తెలుగు ఊళ్లకు దూరంగా బతికే తెలుగు కుటుంబాల ఇళ్లకు చేర్చింది ఆ జాబులే. ఆ గర్వం నాకుంది, దాన్ని దాచుకోను.

ఇప్పుడు పని మానుకున్నాను. అప్పుడప్పుడు ఎవరో ఒకరు వచ్చి సలహా అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. వాళ్లకు చెప్పనిది ఒకటుంది. మేము ఒకసారి పంపిన పసుపు కవర్ల గురించి హిందూపురం, ధర్మవరం అంగళ్లలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. ఆ కథలో తప్పు చేసినవాడి పేరు మస్తాన్. అది అబద్ధం. దాన్నీ సరిచేయాలి.

స్టేషను రోడ్డు ప్రెస్సు

తొంభైల్లో నేను హిందూపురం అంగళ్లకు కరపత్రాలు రాసిచ్చేవాణ్ణి. కొత్త హోటలు తెరిచినా, ఆషాఢంలో బట్టల ధరలు తగ్గించినా నాలుగు మాటలు కావాలి కదా. వాటిని అచ్చువేసేది మస్తాన్. స్టేషను రోడ్డులో వాళ్ల నాయన పెట్టిన ప్రెస్సు అది. కరపత్రాలు ఆయనకు పక్కపని. కడుపు నింపేవి పెళ్లిపత్రికలు. ఊళ్లో వ్యాపారస్తుల కుటుంబాల్లో పెళ్లి కుదిరిందంటే శుభలేఖ మస్తాన్ దగ్గరే.

మస్తాన్ సోకు మనిషి. సిరా పనిలో ఉంటూ తెల్లచొక్కా వేసేవాడు, సెంటు పూసుకునేవాడు. ఈ పనిలో తనంతటివాడు లేడని నమ్మేవాడు, ఆ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

“మా నాయన కాలం నుంచి మీ వినాయకుణ్ణి మేమే అచ్చేస్తాండాం. ఆయప్ప తొండం ఏ పక్క తిరగల్లో మీ అయ్యవారికి అనుమానమొస్తే నా దగ్గరికి పంపు” అనేవాడు నాతో.

నేను రాసింది చదివి, “ఇంత రాసినావు, అంగడి యాడుండాదో రాయకపోతివే” అని ఎగతాళి చేసేవాడు. ఎక్కువసార్లు నిజంగానే మరిచిపోయి ఉండేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ధర్మవరం నుంచి నాగభూషణం శెట్టిగారు మా దగ్గరికి వచ్చారు. ఆయనది పేరున్న పట్టుచీరల అంగడి. ఆయన పెద్దల్లుడు బెంగుళూరులో కంప్యూటర్లు తెలిసినవాడు, మామగారి చీరలకు వెబ్‌సైటు తయారుచేయించాడు. ఫోటోలున్నాయి, ధరలున్నాయి, ఆర్డరు రాసే చోటుంది. వచ్చేవాళ్లే లేరు.

“ఏమప్పా, కొత్తంగడి తెరిచినామంటాడు మా అల్లుడు. దానికి తలుపు యాడుండాదో నాకే తెల్దు. ఇంగ గిరాకీకెట్ల తెలుస్తాది?” అన్నారు శెట్టిగారు.

“జాబులేద్దాం” అన్నాను నేను.

మొదటి దెబ్బ

మొదటిసారి మేము పంపింది రంగుల పుస్తకం. మంచి కాగితం, ఇంగ్లీషు మాటలు, అంగడిలోని మేలైన చీరలన్నీ అందులో. బెంగుళూరులో డబ్బున్నవాళ్లు ఉండే అపార్టుమెంట్లకు పంపాం. పుస్తకం చూసి నాకు నేనే మురిసిపోయాను. ఒక్క ఆర్డరు రాలేదు.

నేను కాగితాన్ని తప్పుపట్టాను, ఇంగ్లీషును తప్పుపట్టాను, పోస్టాఫీసును కూడా తప్పుపట్టాను. శెట్టిగారు పుస్తకం తిరగేసి, “అంగట్లో ఉండేదంతా తీసకపోయి వీధిలో పరిస్తిమి. ఇంగ లోపలికి ఎందుకొస్తారప్పా?” అన్నారు.

నా వృత్తిలో నేను విన్న మాటల్లో అంత విలువైనది ఇంకొకటి లేదు. జాబు చేయాల్సింది అమ్మడం కాదు, తలుపు దాకా తీసుకొచ్చి వదలడం. అమ్మడం వెబ్‌సైటు పని. ఆ తర్వాత మేమెప్పుడూ జాబులో ఒక చీర కంటే ఎక్కువ చూపలేదు. మిగతావి చూడాలంటే లోపలికి రావాల్సిందే. ఇప్పటివాళ్లు ఒక్క మెసేజీలో దుకాణమంతా కుమ్మరిస్తున్నారు. చూసినప్పుడల్లా నాకు శెట్టిగారు గుర్తొస్తారు.

నెట్ సెంటర్ అన్నకు

రెండోసారి బెంగుళూరును వదిలేశాం. పట్టుచీర బెంగుళూరులో దొరక్కపోతే కదా, పోస్టులో తెప్పించుకునేది? దొరకని చోట ఉన్న తెలుగువాళ్లెవరు? భిలాయి ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో, షోలాపూరు మిల్లుల పక్కన, ఖరగ్‌పూరు రైల్వే కాలనీల్లో ఉన్నవాళ్లు. ఆ ఊళ్ల తెలుగు సంఘాలకు జాబులు రాశాం. కొందరు తమ సభ్యుల చిరునామాలు సంతోషంగా పంపారు.

ఇక్కడ ఇంకో చిక్కు. చీర కొనేది ఆడవాళ్లు. ఆ రోజుల్లో వాళ్ల ఇళ్లలో కంప్యూటరు లేదు. నెట్ సెంటర్లకు వెళ్లేది కాలేజీ కుర్రాళ్లు. ఒక నడివయసు ఇల్లాలు అక్కడికి వెళ్లి ఏమని అడుగుతుంది? మేము పిలుస్తున్న అంగడి గుమ్మం ఆమెకు అందదు.

ఆ సమస్య తీర్చినందుకు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. ఈసారి పుస్తకం బదులు పంపిన ఒక్క చీర బొమ్మ కార్డు అడుగున రెండు వరుసలు వేయించాను. తెలుగులో ఒకటి, హిందీలో ఒకటి. “నెట్ సెంటర్ అన్నకు: ఈ అడ్రసు తెరిచి అక్కకు చీరలు చూపించగలరు. కొత్తగా ఈ పని చేస్తున్న చిన్న ఊరివాళ్లం, మీ మేలు మరువం.” ఆమె ఏమీ అడగక్కర్లేదు, కార్డు చేతికిస్తే చాలు.

భిలాయి నుంచి మొదటి ఫోను ప్రెస్సుకే వచ్చింది. మాట్లాడింది ఒక నెట్ సెంటర్ కుర్రాడు, హిందీలో. మస్తాన్ ఫోనందుకున్నాడు. కాసేపు విని, రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి, “ఆడ ముగ్గురాడోళ్లు వచ్చి కూర్చున్యారంట. మావిడి అంచు చీర మొత్తం చూపియ్యమంటారంట. వాని గిరాకీ అంతా బయట నిలబడుండాదంట” అని మాకు చెప్పాడు. తర్వాత ఉర్దూ కలిసిన తీయని హిందీలో వాణ్ణి బుజ్జగించాడు. ముగ్గురూ కొన్నారు. ఆ తర్వాత ఆ సెంటరువాడే మాకు జాబు రాశాడు, ఇంకొన్ని కార్డులు పంపితే పక్క వీధిలో పంచుతానని.

పట్టుపోగు

షోలాపూరు నుంచి ఒకావిడ చీర వాపసు పంపింది. “తెరమీద చిలకపచ్చ చూశాను. వచ్చింది నాచురంగు” అని రాసింది. ఆవిడ అబద్ధమాడలేదు, మేమూ మోసం చేయలేదు. నెట్ సెంటర్లో ఒక్కో కంప్యూటరు ఒక్కో రంగు చూపిస్తుంది. శెట్టిగారు వేరే చీర పంపించారు, తన చేత్తో జవాబు రాశారు. జవాబు రాయకుండా ఏ జాబునూ పక్కన పెట్టనిచ్చేవారు కాదాయన. “అడిగినోళ్లకు బదులియ్యనోడు అంగడి పెట్టకూడదప్పా, సన్నాసుల్లో కలిసిపోవల్ల” అనేవారు.

కానీ ప్రతిసారీ చీర మార్చి ఇవ్వలేం కదా. ఆ దిగులుతోనే ధర్మవరంలో ఒక నేతగాడి ఇంటికి వెళ్లాను. చీర కోసి తీశాక మగ్గం మీద కొసలు మిగులుతాయి, నేతకు పనికిరాని పట్టుపోగులు. ఇంటావిడ వాటిని పక్కకు ఊడ్చేస్తోంది. ఎండపొడ ఆ కుప్ప మీద పడుతోంది. చూస్తూ చూస్తూ నిలబడిపోయాను. కంప్యూటరు చెప్పలేని రంగు అక్కడ నేల మీద ఉంది.

అప్పటి నుంచి మా ప్రతి కార్డుకూ రెండు రంధ్రాలు చేసి, ఆ కార్డు మీది చీర పట్టుపోగులు చిన్న కుచ్చు కట్టి పంపాం. కింద రంగు పేరు, వెబ్‌సైటు అడ్రసు. అంతే. నేతగాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఆ కుచ్చులు కట్టేవాళ్లు, కట్టుకింతని కూలి. జనం ఆ పోగును పారేయలేదు. రవిక గుడ్డ కొనడానికి తీసుకెళ్లారు, పక్కింటివాళ్లకు చూపారు. రంగు బాగాలేదన్న ఫిర్యాదులు దాదాపుగా ఆగిపోయాయి. తెరమీద కనబడేదానికి చేత్తో తాకే సాక్ష్యం ఒకటి పంపండి. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేనిచ్చే సలహాల్లో మొదటిది ఇదే.

ఆ కార్డులన్నీ మస్తాన్ ప్రెస్సులోనే తయారయ్యాయి. పోగు జారకుండా రంధ్రం ఎక్కడ పడాలో ఆయనా నేనూ పోట్లాడుకుని తేల్చాం.

పసుపు కవరు

గెలుపు తలకెక్కితే మనిషి ఎదుటివాడి మాట వినడు. నాకు అదే జరిగింది.

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. పెళ్లి చీరల కాలం. కవరు చూడగానే తెరవాలనిపించాలి. మన ఇళ్లలో ఎవరైనా ఆత్రంగా తెరిచే జాబు ఏది? శుభలేఖ. అందుకని కవరును శుభలేఖలా చేయించాను. నాలుగు మూలలా తడి పసుపు రాయించాను. కవరు మీద పంపేవారి పేరు పెద్దక్షరాల్లో: నాగభూషణం శెట్టి, ధర్మవరం. అంగడి పేరు లేదు, వెబ్‌సైటు పేరు లేదు. శెట్టిగారు లోపలి కార్డు చూసి బాగుందన్నారు. కవరు చూడలేదు, నేను చూపించలేదు.

బయటి ఊళ్ల చిరునామాలతో పాటు ఈసారి అంగడి పాత ఖాతాదారులకు, శెట్టిగారి బంధువులకు కూడా పంపాలనుకున్నాను. వాళ్లూ చీరలు కొనేవాళ్లే కదా.

ప్రెస్సులో పసుపు రాసిన కవర్లు ఆరబెట్టి ఉన్నాయి. మస్తాన్ వాటిమధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ వచ్చి, “శెట్టి చుట్టాలవి తీసేసినావా?” అన్నాడు.

“ఎందుకు తియ్యల్ల? వాళ్లు చీరలు కట్టరా?”

“కడతారులేప్పా. ఆయప్పకు పెండ్లి కావల్సిన చిన్నబిడ్డ ఉండాది. ఆయప్ప పేరుతో పసుపు కవరు పోస్టులో పోతే చుట్టాలేమనుకోవల్ల?”

“తెరిస్తే చీర కనబడతాది. నవ్వుకుంటారు.”

“తెరిస్తే కదా!” అన్నాడు. నేను వినేటట్టు లేనని అర్థమై, “నీ గిరాకీ, నీ ఇష్టం. పసుపు నా చొక్కాకంటితే మాత్రం చాకలి కూలి నువ్వే ఇయ్యల్ల” అని పక్కకు తప్పుకున్నాడు.

మా ప్రాంతం తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడ దగ్గరి చుట్టాలను పెళ్లికి పిలవాలంటే ఇంటికి వెళ్లాలి, బొట్టుపెట్టాలి, అక్షింతలతో పత్రిక చేతికివ్వాలి. పోస్టులో పంపేది పరిచయస్తులకు. తోడబుట్టినవాళ్లకు శుభలేఖ పోస్టులో వస్తే, రాకండి అని చెప్పినట్టే. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ కవర్ల మీద పేర్లు రాసేటప్పుడు నా కంటికి చుట్టాలు కనబడలేదు, చిరునామాలు కనబడ్డాయి. ఈ పనిలో ఎవరికైనా వచ్చే జబ్బు ఇది.

పెనుకొండ అక్క

కొద్దిరోజుల తర్వాత ఒక ఉదయం నేను ధర్మవరం అంగట్లో ఉన్నాను. శెట్టిగారు పరుపు మీద కూర్చుని గుమాస్తా ఓబులేసుతో చీరలు మడతపెట్టిస్తున్నారు. నేను పరుపు ఇవతలి కొసన కూర్చుని ఆర్డర్లు చూసుకుంటున్నాను. పెనుకొండ నుంచి శెట్టిగారి అక్క సుబ్బలక్ష్మమ్మ వచ్చారు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. ఆవిడ ముందు ఆయన గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు.

ఆవిడ గడప దాటి లోపలికి రాలేదు.

“ఏమప్పా నాగభూషణా, పెండ్లెప్పుడు?”

“ఏం పెండ్లక్కా? లోపలికి రా ముందు.”

“నాకేం తెలుస్తాది? పోస్టోడు చెప్తేనే కదా మాకు తెలిసేది. నీ బిడ్డ పెండ్లి పత్రిక పోస్టులో వచ్చిండాది. బొట్టుపెట్టి పిలిచేకి పెనుకొండ శానా దూరమైపాయ నీకు.”

ఆవిడ సంచిలోంచి కవరు తీసి పరుపు మీద పడేశారు. తెరవలేదు. మూలల్లో పసుపు అట్లాగే ఉంది.

శెట్టిగారు కవరు చించారు. కార్డు బయటికొచ్చింది, ఎర్రటి పట్టుపోగు వేలాడుతూ. ఆయన దాన్నీ అక్కనూ మార్చి మార్చి చూశారు. “అక్కా, ఇది పత్రిక కాదు. చీరల జాబు. నా బిడ్డ పెండ్లి కుదిరితే నీకు తెలీకుండా జరుగుతాదా?”

“చీరల జాబుకు పసుపెందుకురా? దేవుని గూట్లో పెట్టుకోని దినామూ చూసి ఏడుస్తాంటి. తెరిచేకి మనసొప్పల్యా. ఊళ్లో ఎవురికీ మొగం చూపల్యా నేను.”

శెట్టిగారి మొహం ఎర్రబడింది. “ఎవురప్పా ఈ పసుపు రాయమన్యది?” అన్నారు అందరినీ చూస్తూ.

నేను నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. కానీ ఓబులేసు ముందే అందుకున్నాడు.

“అచ్చేసింది మస్తాన్ కదా యజమానీ. మన పద్ధతులు వాండ్లకేం తెలుస్తాయి? పసుపంటే రంగనుకోనుంటాడు.”

ఎవరో నవ్వారు. సుబ్బలక్ష్మమ్మ మొహం మెత్తబడింది. “అట్లనా? పాపం, ఆయప్పకేం తెలుసు. మన మతమా, మన ఆచారమా? తెలీక చేసినాడు, పోనీలే. ఆయప్పనేమీ అనద్దు” అన్నారు. లోపలికొచ్చి కూర్చున్నారు. తమ్ముడు అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు. కాఫీలు వచ్చాయి. అంగడి అంతా ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను. ఆ కాఫీ నేనూ తాగాను.

శెట్టిగారు నన్ను పంపించేస్తారని భయపడ్డానా? కొంచెం. కానీ అసలు కారణం అది కాదు. అక్కాతమ్ముళ్లు కలిశారు, ఎవరికీ కోపం లేదు, మస్తాన్‌నూ క్షమించేశారు. ఇక నేను మాట్లాడి చెడగొట్టడమెందుకు అనుకున్నాను. అది పిరికితనం. ఆ రోజు దానికి మంచితనం అని పేరు పెట్టుకున్నాను.

బయటి ఊళ్ల నుంచి ఆ కవరుకు ఆర్డర్లు బాగానే వచ్చాయి. ఖరగ్‌పూరు నుంచి ఒకావిడ మాత్రం ఇలా రాసింది: “మా ఊరి వైపు నుంచి ఎవరో పెళ్లికి పిలిచారని పరుగున తెరిచాను. చీర బాగుంది. ఇంకెప్పుడూ ఇట్లా పంపకండి.” మళ్లీ పంపలేదు. వేషం వేసుకుని వెళ్లిన జాబును ఒక్కసారే తెరుస్తారు.

మన్నింపు చేసిన పని

సుబ్బలక్ష్మమ్మ ఆ రోజు మస్తాన్‌ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ సంగతి అక్కడే ముగిసిపోయేదేమో. ఆవిడ మన్నించారు. మన్నించిన మనిషి ఆ మాట పదిమందికి చెబుతుంది. పెనుకొండలో చెప్పారు, చుట్టాల పెళ్లిళ్లలో చెప్పారు. కథ నవ్వు పుట్టించేది కూడా. “పసుపంటే రంగనుకున్యాడంట మస్తాను!” అది హిందూపురం చేరడానికి ఎంతో కాలం పట్టలేదు.

తర్వాత వ్యాపారస్తుల ఇళ్ల పెళ్లిపత్రికలు మస్తాన్ ప్రెస్సుకు రావడం తగ్గింది. ఎవరూ కోపంగా లేరు. “మస్తాను మంచోడే. శుభకార్యం కదా, పద్ధతులు తెలిసినోళ్ల దగ్గర వేయిస్తే మేలు” అని, అంతే. ఆయన నాయన కాలం నుంచి అదే కుటుంబాలకు తాతల పెళ్లిపత్రికలు కూడా వేసిన ప్రెస్సు అది.

కారణం మస్తాన్‌కు ఎవరో చెప్పారు. నేను వెళ్లేసరికి మిషను ఆపి కూర్చుని ఉన్నాడు.

“నేను సాయిబునని హిందూపురానికి ఇప్పుడే తెలిసినట్టుండాదప్పా” అన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “ఆ ఓబులేసు అన్యాడంట. ఆ పొద్దు నువ్వు ఆడ ఉండింటే చెప్పుందువు. ఏం చేస్తాం, నువ్వు లేకపోతివి.”

నేను ఉన్నానని అప్పుడైనా చెప్పాల్సింది. బల్లమీది అచ్చు కాగితం తీసి చదువుతున్నట్టు నటించాను.

ఆ తర్వాత వెబ్‌సైటు పని ఎంత పెరిగినా అచ్చుపనంతా మస్తాన్‌కే ఇప్పించాను. కార్డులు, చీరల పెట్టెలు, అన్నీ. అట్లా లెక్క సరిపోయిందని నన్ను నేను నమ్మించుకున్నాను. కొన్నేళ్లు సరిపోయినట్టే కనబడింది కూడా. తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, జాబుల అవసరం పోయింది, పెద్ద కంపెనీలు దిగాయి, శెట్టిగారు వెబ్‌సైటు మూసేశారు. ఆ రోజున మస్తాన్ చేతిలో పెళ్లిపత్రికల పనీ లేదు, మా పనీ లేదు. ఆయనకు దక్కాల్సిన పనిని పోగొట్టి నేనిచ్చింది నీళ్ల మీద రాత.

తెలియాల్సిన వాళ్లు

పని మానుకున్నాక ఒకరోజు ప్రెస్సుకు వెళ్లి చెప్పేశాను. మస్తాన్ మిషనుకు నూనె వేస్తున్నాడు. తెల్లచొక్కానే, సెంటు వాసనే. నేను చెప్పేది పూర్తయ్యేదాకా నూనెడబ్బా చేతిలోనే ఉంది.

“ఆడే ఉన్న్యావా?”

“ఆడే ఉన్న్యా.”

“అక్కతో కాఫీ కూడా తాగినావా?”

“తాగినా.”

“బాగుండిందా?”

ఆయన చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“నాకెందుకప్పా చెప్తాండావు? పసుపు రాయమన్యది నేను కాదని నాకు ముందునుంచీ తెలుసు. నాకు చెప్తే నీ బరువు దిగుతాదేమో, నా ప్రెస్సుకు ఏమొస్తాది? తెలీనోళ్లకు పోయి చెప్పు.”

ధర్మవరం వెళ్లి శెట్టిగారికి చెప్పాను. పెద్దవారైపోయారు. “ఎప్పుడో జరిగిపాయ. ఇప్పుడెందుకప్పా తవ్వేది?” అన్నారు. నష్టం తగలనివాళ్లకు ఏదైనా ఎప్పుడో జరిగిపోయినదే.

పెనుకొండలో సుబ్బలక్ష్మమ్మ మాత్రం అట్లా అనలేదు. వింటూ వింటూ పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు.

“ఆ పొద్దే చెప్పింటే నిన్ను రెండు తిట్టి మరిచిపోయుందును కదప్పా. నేనేమో ఆయప్పను మన్నించి పుణ్యం కట్టుకున్న్యాననుకుంటి. ఊరూరా చెప్పుకుంటి. నా నోటితో ఆయప్ప అన్నం తీసినానా నేను?”

“తప్పు నాదమ్మా.”

“నీదే. నాది కాదని నేనేమీ అనలే. మా మనవని పెండ్లి పత్రిక ఆయప్ప దగ్గరే కొట్టిస్తా. కానీ నేను చెప్పినోళ్లందరి దగ్గరికీ పోయి తిప్పి చెప్పేకి నాకు ఈ వయసులో కాళ్లు యాడుండాయి? నువ్వు చెప్పు. ఇంతకాలం ముక్కూమొగం తెలీనోళ్లకు జాబులేస్తివే, తెలిసినోళ్లకు ఒకటెయ్యలేవా?”

అందుకే ఇది రాస్తున్నాను. పసుపు కవరు ఆలోచన నాది. బంధువుల చిరునామాలు కలిపింది నేను. వద్దని చెప్పినవాడు మస్తాన్, వినని వాణ్ణి నేను. ఆయన మీద మాట పడ్డప్పుడు పక్కనే కూర్చుని మాట్లాడనివాణ్ణీ నేనే. పట్టుపోగు కార్డు నాదని ఇన్నాళ్లూ గర్వంగా చెప్పుకున్నాను, ఇకముందూ చెప్పుకుంటాను. అది నాదైతే ఇదీ నాదే.

మస్తాన్ ప్రెస్సు స్టేషను రోడ్డులో ఇంకా ఉంది. మీ ఇంట్లో పెళ్లి కుదిరితే పత్రిక అక్కడ వేయించండి. కొంచెం గొప్పలు చెబుతాడు, వినాలి. మీరు రాసుకెళ్లిన కాగితం మీకే పైకి చదివి వినిపిస్తాడు. మేనమామ పేరు ఎందుకు లేదని అడుగుతాడు. మీరు ఎన్ని పాత తగాదాలు చెప్పినా తల ఊపుతూ వింటాడు. ఆ పేరు వేయించి గానీ మిమ్మల్ని గడప దాటనివ్వడు.